ఎవరి ముక్కు? ఎవరి కుంచె?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం - ఏ బస్టాండుకు పోయినా ఫ్లెక్సీలే. ప్రతి నాయకుడూ తెల్లగా నిగనిగలాడతా చేతులు జోడించి నిలబడుంటాడు. ఆ నాయకుడి ముక్కు సాగదీసి, పొట్ట ముందుకు తోసి, "అచ్చం ఆయనే" అనిపించేట్టు గీస్తే అది క్యారికేచర్. పోలిక పోతే ఒట్టి పిచ్చిగీత.

1985, 1989, 1994లో హిందూపురం ఎన్.టి.రామారావును గెలిపించింది. కాషాయం, తలపాగా, ఎత్తిన చెయ్యి - నాలుగు గీతలేస్తే చాలు, పేరు రాయకపోయినా అక్షరం రాని అవ్వ కూడా గుర్తుపట్టేది. ఎంత వెక్కిరించి గీసినా ఆయన పెద్దరికం తగ్గలేదు. పైనున్నోళ్లను గీస్తే వాళ్లకు పోయేదేమీ లేదు. చూసేవాళ్లకు భయం పోతుంది, అంతే.

మరి కిందికి తొక్కబడినోళ్లను గీస్తే?

1949లో శంకర్ ఒక కార్టూన్ గీసినాడు. రాజ్యాంగం అనే నత్త మీద అంబేద్కర్. వెనక కొరడా ఎత్తిన నెహ్రూ. 2006లో దాన్ని 11వ తరగతి పుస్తకంలో అచ్చేసినారు. 2012లో పార్లమెంటులో గొడవయినాకనే వెనక్కి తీసుకున్నారు. "నెహ్రూ కొట్టేది నత్తను గదా, మీకు నవ్వడం చేతకాదా?" అని మేధావులు మనల్నే అడిగినారు. నత్తనే కావచ్చు. వెనక బెంచీలో కూర్చున్న మన పిల్లోడికి కనపడేది నత్తా, కొరడానా?

ఇది ఒక్క బొమ్మ కాదు. మన విజయవాడ కార్టూనిస్టు ఉన్నమతి శ్యాంసుందర్ 1932 నుంచి 1948 దాకా ఇంగ్లీషు పత్రికల్లో బాబాసాహెబ్ మీద వచ్చిన వందకు పైగా కార్టూన్లను వెదికి, 2019లో పుస్తకంగా మన ముందు పెట్టినాడు. అంత చదువు చదివిన మనిషిని పొట్టోడిగా, పిల్లోడిగా గీసిన చేతులు ఎవరివో అందులో తెలుస్తాయి.

అట్లని కుంచె పారేద్దామా? వద్దు. ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో మేకతోలు మీద రంగులద్దే కళ బతికే ఉంది. 2020లో అక్కడి దళవాయి చలపతిరావుకు పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మలాటలో రాముడికి కిరీటం, జుట్టుపోలిగాడికి వంకర ఒళ్లు. అయినా నిద్రపోయే జనాన్ని లేపేది, పెద్దల్ని దెప్పేది ఆ జుట్టుపోలిగాడే! తోలు ముట్టుకుంటే మైల అనే ఊరు, ఆ తోలు మీద దేవుణ్ని గీస్తే దండం పెడుతుంది. బొమ్మకున్న బలం అదీ.

ఫ్లెక్సీ వచ్చి గోడరాతల అన్నల చేతిలో పని లాక్కుంది. అన్నలారా! ఆదివారం ఒక పూట మన హాస్టలు పిల్లలకు గీత నేర్పండి. రంగును, కులాన్ని, కుంటికాలును వెక్కిరించే బొమ్మ మనకొద్దు. ఓట్లప్పుడు వంగిన నడుము, గెలిచినాక బిగిసిన మెడ - అవి గీయించండి. మన బొమ్మ ఇన్నాళ్లూ వాళ్లు గీసినారు. ఇక కుంచె మన పిల్లల చేతికి రావాల.

జై భీమ్!