ఉప్పెన తర్వాతి విశ్వాసం

1864 నవంబరు 1 రాత్రి బందరును ముంచిన ఉప్పెన సుమారు 30,000 మందిని బలిగొంది. 1843లో అక్కడ బడి తెరిచిన మిషనరీ రాబర్ట్ నోబుల్ ఉప్పెన మరుసటి ఏడే ఆ ఊళ్లోనే కన్నుమూశాడు. సహచరుడు హెన్రీ ఫాక్స్ 1845లో భార్యను పోగొట్టుకుని కూడా తెలుగునేలకే తిరిగొచ్చాడు. 1977 నవంబరు 19న దివిసీమ మళ్లీ అదే ఉప్పెన దుఃఖం చూసింది.

దేవుడు ప్రేమామయుడైతే ఇన్ని చావులెందుకు? బైబిల్లోని యోబు వేదన కూడా ఇదే. బాధను పాపానికి శిక్షగా చెప్పిన అతని స్నేహితులను దేవుడే తప్పుబట్టాడు. అలాంటి ఓదార్పు క్రూరమని మా అభిప్రాయం. లాజరు సమాధి దగ్గర యేసు ఏడ్చాడు. ఈ సంచికలోని రచనలన్నిటికీ ఆ కన్నీళ్లే ఆధారం. కృష్ణా డెల్టాకు గుబులు పుట్టించే నవంబరులో వస్తున్న ఈ సంచికను, ఆప్తులను పోగొట్టుకున్న పొరుగువారికి చదివి వినిపించండి.