ప్రసూతి శస్త్రచికిత్స - ఔషధకాలనియమము

తెలుగునాట ప్రసవమనిన శస్త్రచికిత్సయే యను దశ వచ్చినది. 2019-21 సంవత్సరముల జాతీయ కుటుంబారోగ్య పరిశీలనము ననుసరించి భారతదేశమంతట నూటికి 21.5 ప్రసవములు సిజేరియను పద్ధతిని జరుగుచుండ, ఆంధ్రప్రదేశమున 42.4, తెలంగాణమున 60.7 జరిగినవి. ఈ సంఖ్య యింతగా పెరుగుట తగునా యను చర్చ వేఱొకమారు చేయుదుము. ఇందఱు తల్లులు కత్తిక్రిందికి బోవుచుండగా, వారికి జరుగవలసిన రక్ష వేళకు జరుగుచున్నదా యనునదే నేటి మా ప్రశ్నము.

పూర్వము వైద్యులు బిడ్డ బయటపడి బొడ్డుత్రాడు బిగించిన పిదపనే తల్లికి సూక్ష్మజీవులను జంపు యాంటీబయాటిక్ మందు నిచ్చెడివారు. ఆ మందు బిడ్డ రక్తమునకు ప్రాకి, బిడ్డకుగల రోగలక్షణములను మఱుగుపఱచునేమో యని వారి శంక. శంక సద్బుద్ధితో గూడినదే. కాని దాని ఫలము ననుభవించినది తల్లి. చర్మము చీల్చిన క్షణముననే సూక్ష్మజీవులు లోనికి జొరబడును. అప్పటికే మందు రక్తమాంసములయందు సిద్ధముగ నుండవలయును. దొంగలుపడిన ఆఱునెలలకు కుక్కలు మొఱిగిన నేమి లాభము? 2014లో కోక్రేన్ సంస్థవారు పది పరీక్షలను, 5,000కు మించిన తల్లుల వృత్తాంతములను సమీక్షించి, కోతకు ముందు మందిచ్చినచో తల్లుల కంటువ్యాధుల బాధ సుమారు 43 శాతము తగ్గుననియు, శిశువులకు దానివలన కీడు కనబడలేదనియు దేల్చిరి. 2015లో ప్రపంచారోగ్యసంస్థయు కోతకు ముందే యిమ్మని విధించినది. కావున ఈ వ్యాజ్యమున తీర్పు వచ్చినది. ఇక మిగిలినది దాని యమలు మాత్రమే.

అయితే "ముందు" అనగా నే నిమిషమున? ఇచ్చట రెండవ చిక్కు గలదు. నేడీ శస్త్రచికిత్స బహుళముగా వెన్నులోని కిచ్చు మత్తుతో జరుగుచున్నది. 1898లో జర్మనీ వైద్యుడు ఆగస్ట్ బియర్ మొదలిడిన ఈ మార్గమున తల్లి మేలుకొనియే యుండి, బిడ్డ తొలియేడ్పు వినగలుగుచున్నది. కాని అనేకులకు బల్లమీదనే కడుపు త్రిప్పి డోకు వచ్చును. వెన్నుమత్తు రక్తనాళములను సడలించుటచే రక్తపుపోటు దిగజాఱుట దీనికి ప్రధానకారణము. గర్భాశయమును వెలికిదీసి కుట్టుట, అది ముడుచుకొనుటకై యిచ్చు ఆక్సిటోసిన్, మెథర్జిన్ మందులు - ఇవియు కారణములే. కొన్ని యాంటీబయాటిక్కులకును వికారము పుట్టించు గుణము గలదు. అంతకంటె భయంకరమైనది, మందు పడక కలుగు తీవ్రప్రతిక్రియ. అదియు వికారముతోను, పోటు తగ్గుటతోను ఆరంభము కావచ్చును. అన్నియు నొక్క నిమిషముననే యిచ్చినచో, దోషి యెవ్వరని నిర్ణయించుట యెట్లు? నలుగురు ముద్దాయీలను ఒకేగదిలో నుంచి, సాక్షిని చీకటిలో నిలిపినట్లుండును.

దీనికి ఉపాయము సులభము. తొందరలేని శస్త్రచికిత్సయందు, మందు పడని చరిత్ర యున్నదేమో ముందుగ నడిగి, వెన్నుమత్తుకు కొన్ని నిమిషములు పూర్వమే యాంటీబయాటిక్కు నిచ్చి, తల్లిని కనిపెట్టి చూడవలయును. కోతకు గంటలోపల నియ్యవలయుననుట దానికి హద్దు. సెఫజోలిన్ వంటి మందును నరములోనికి మూడునుండి అయిదు నిమిషములు పట్టునట్లు మెల్లగ నెక్కింపవలయును. 2018లో బ్రిటనునందలి మత్తువైద్యుల రాయల్ కాలేజీవారును, మత్తునకు కొన్ని నిమిషములు ముందుగనే యాంటీబయాటిక్కు లిచ్చుట మేలని సూచించిరి. అటుపిమ్మట వికారము గలిగినచో, వాంతి నాపు సూదియొకటి గ్రుచ్చి యూరకుండక, మొదట రక్తపుపోటును జూచి ఫినైలెఫ్రిన్ మొదలగు మందులతో దానిని నిలుపవలయును. "ఇది మామూలే" యని తల్లిని ఊఱడించుట చికిత్స గాదు. ప్రాణాపాయవేళ నియమము సడలవచ్చును. కాని బొడ్డుత్రాడుకొఱకు వేచియుండుట మాత్రము నే వేళను సమంజసము గాదు.

ఇందుకు క్రొత్త యంత్రము లక్కఱలేదు. కోట్ల ధనము వలదు. గోడగడియారమును, వ్రాయు చేతియు చాలును. మందిచ్చిన నిమిషమును, మత్తిచ్చిన నిమిషమును, కోత మొదలిడిన నిమిషమును రోగిపత్రమున వేఱువేఱుగ వ్రాయుట ప్రతి యాసుపత్రియందును విధిగావలయును. ప్రభుత్వాసుపత్రులలో ఇది తనిఖీకి వచ్చు నధికారి మొదట జూడవలసిన పత్రము. ప్రైవేటు వైద్యాలయములును దీనికి అతీతములు గావు. తెలంగాణమున అచ్చటి ప్రసవములలో నూటికి ఎనుబదికి పైగా శస్త్రచికిత్సలే యని అదే పరిశీలనము చెప్పుచున్నది.

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనాధ్యక్షుడుగ నున్న లెడర్లీ ప్రయోగశాలనుండియే 1948లో ఆరియోమైసిన్ లోకమునకు వెల్లడియైనది. అట్టి తెలుగువాని దేశమున, మందు చేతనుండియు వేళ తప్పుటచే తల్లి జ్వరపడుట మనకు సిగ్గుచేటు. అంగీకారపత్రముపై వ్రేలిడుటకు ముందు, "మందు ఎప్పుడిత్తురు?" అని అడుగుట ప్రతి కుటుంబమునకును హక్కు. ఆ ప్రశ్నకు శాంతముగ నుత్తరమిచ్చుట వైద్యుని ధర్మము. పఠనమందిరములలో ఈ వాక్యములను జదువు సోదరులు, తమ యింటి యాడపడుచులకు దీనిని వినిపింతురుగాక.