డెంగ్యూకు పొగ చాలదు: పుదుచ్చేరి దోమలను మన పట్టణాల్లోనూ పరీక్షించాలి



వానలు పడగానే ఫాగింగ్ బండి వస్తుంది, వీధంతా పొగ కొట్టి పోతుంది. డెంగ్యూ మోసే ఈడిస్ దోమ మాత్రం ఇంట్లో మంచం కిందా, దండెం మీది బట్టల వెనకా నక్కి ఉంటుంది. మనకు ప్లేట్‌లెట్ల కోసం పరుగులు తప్పడం లేదు.

దీనికి మరో దారి ఉంది. వోల్బాకియా అనే బ్యాక్టీరియా ఎన్నో కీటకాల కణాల్లో సహజంగానే బతుకుతుంది. దాన్ని 1924లో మొదట కనిపెట్టింది క్యూలెక్స్ దోమల్లోనే. మన మురుగుకాల్వల దోమల్లోనూ ఉంది. డెంగ్యూను ముఖ్యంగా మోసే ఈడిస్ ఈజిప్టై రకంలో మాత్రం మామూలుగా ఉండదు. శాస్త్రవేత్తలు దాన్ని ఈడిస్ గుడ్లలోకి ఎక్కించి చూస్తే, ఆ దోమల ఒంట్లో డెంగ్యూ వైరస్ సరిగా పెరగలేదు. తల్లిదోమ నుంచి పిల్లలకు వోల్బాకియా గుడ్డులోనే సంక్రమిస్తుంది. అది ఉన్న మగదోమ, లేని ఆడదోమతో కలిస్తే ఆ గుడ్లు పిల్లలవవు. అందుకే తరం మారేకొద్దీ వోల్బాకియా ఉన్న దోమలదే పైచేయి అవుతుంది. ఇందులో దోమ జన్యువులను మార్చేదేమీ లేదు.

ఇండోనేషియాలోని యోగ్యకర్తా నగరంలో 12 ప్రాంతాల్లో ఈ దోమలను వదిలి, మరో 12 ప్రాంతాలతో పోల్చి చూశారు. డెంగ్యూ 77 శాతం, ఆస్పత్రి పాలయ్యేవారు 86 శాతం తగ్గినట్టు 2021లో ఫలితాలు వెలువడ్డాయి.

పుదుచ్చేరిలోని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) పరిశోధనా కేంద్రం మన దేశపు ఈడిస్ దోమల్లోనే రెండు రకాల వోల్బాకియాను నిలిపి, 2022లో ఆ సంగతి ప్రకటించింది. మన రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ కేంద్రాన్ని అడగాలి: పరీక్షకు మా పట్టణాలు సిద్ధం అని.

ఆ రెండింటిలో ఏ రకమన్నది మనకు ముఖ్యం. డబ్ల్యూమెల్ అనే రకం ఎండ ముదిరితే దోమల్లో పలచబడిపోతుంది. డాబా మీది డ్రమ్ములో నీళ్లు కాగిపోయే విజయవాడకూ రామగుండానికీ వేడిని బాగా ఓర్చుకునే డబ్ల్యూఆల్బ్‌బి రకమే ముందు పరీక్షించదగ్గది. కౌలాలంపూర్ ప్రాంతంలో వదిలింది దాన్నే.

ఇంకో షరతు కూడా పెట్టాలి. ఢిల్లీలో దోమల జన్యు నియంత్రణ పరిశోధన 1975లో పత్రికల్లో, పార్లమెంటులో ఆరోపణలు చెలరేగి మూతపడింది. జనానికి అనుమానం వచ్చాక ఎంత మంచి పనైనా నిలవదు. కాబట్టి దోమలను వదలకముందే ప్రతి వార్డులో సభ పెట్టి, అన్నీ తెలుగులో వివరించి, సమ్మతి తీసుకోవాలి. వదిలిన కొత్తలో దోమకాట్లు కాస్త పెరగొచ్చన్న నిజం దాచకూడదు. ఫలితాలు మంచైనా చెడైనా బయటపెట్టాలి.

ఈలోగా తొట్లు, కూలర్లు వారానికోసారి ఎండబెట్టడం మానకండి. వచ్చే వార్డు సభలో ఈ డిమాండ్లపై తీర్మానం చేయించి, మీ కార్పొరేటర్ సంతకంతో రాష్ట్ర ఆరోగ్యశాఖకు పంపండి.