కొత్త సిస్టమ్ కొనే ముందు..

రాత్రి ఎక్స్‌పోర్ట్ నొక్కి పడుకుంటారు. తెల్లారి లేచి చూస్తే ఇంకా 40 శాతం దగ్గరే ఉంటుంది. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమల్లో చదువుకుంటూనే పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవారికీ, పెడన కలంకారీ మీదో కూచిపూడి నాట్యం మీదో యూట్యూబ్ వీడియోలు చేసేవారికీ ఈ తిప్పలు తెలియనివి కావు. ముహూర్తాల రోజుల్లో చెప్పిన టైముకి వీడియో ఇవ్వకపోతే రెండో పని రాదు. దాంతో చాలామంది అనే మాట ఒకటే: 'నాన్నా, కొత్త సిస్టమ్ కావాలి!'

ఆ డబ్బు మన ఇళ్లలో ధాన్యం అమ్మితేనో, రొయ్యల చెరువు కలిసొస్తేనో వచ్చేది. అందుకే అడిగే ముందు లోపం ఎక్కడుందో చూడండి.

ఎక్స్‌పోర్ట్ నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరవండి. ప్రాసెసర్ ఖాళీగా ఉండి డిస్క్ 100 శాతం చూపిస్తుంటే తప్పు ప్రాసెసర్‌ది కాదు. పెన్‌డ్రైవ్‌లోంచి నేరుగా పని చేస్తున్నారేమో చూసుకుని, ఫైళ్లు ముందుగా లోపలి డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. మొదట వేగంగా నడిచి పది నిమిషాలకి నీరసపడుతోందంటే వేడి ఎక్కిందని అనుమానించాలి. ఫ్యాన్‌లో దుమ్ము తీయించండి. ల్యాప్‌టాప్‌ని పరుపు మీద పెట్టకండి, ఛార్జర్ తీయకండి.

ప్రాసెసరే 100 శాతంలో ఉంటే సెట్టింగ్‌ల వైపు చూడాలి. 1080పీ కంటే 4కేలో పిక్సెళ్లు 4 రెట్లు. చుట్టాలంతా ఫోన్‌లోనే చూసే వీడియోకి అంత అవసరమా? 2013లో వచ్చిన హెచ్.265 ఫైల్‌ని చిన్నది చేస్తుంది కానీ, 2003 నాటి హెచ్.264 కంటే ప్రాసెసర్‌కి చాకిరీ ఎక్కువ. 2011 తర్వాత వచ్చిన చాలా ఇంటెల్ ప్రాసెసర్లలో క్విక్ సింక్ ఉంది. వీడియోని కుదించే పని కోసమే పెట్టిన విభాగం అది. హ్యాండ్‌బ్రేక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో దాన్ని ఎంచుకోవచ్చు. వేగం బాగా పెరుగుతుంది. అదే నాణ్యత కావాలంటే మాత్రం ఫైల్ కొంచెం పెద్దదవుతుంది.

అన్నీ ఒకేసారి మార్చేయకండి. 30 సెకన్ల ముక్క తీసుకుని, ఒక్కో సెట్టింగే మారుస్తూ, ఎంతసేపు పట్టిందో నోట్‌బుక్‌లో రాసుకోండి. ఇవన్నీ చూశాక కూడా సిస్టమ్ పాతదే అని తేలితే కొనండి, తప్పు లేదు. అప్పుడు ఏది కొనాలో కూడా మీకే తెలుస్తుంది.

ఆ నోట్‌బుక్ పారేయకండి. టెక్ సపోర్ట్ అయినా, టెస్టింగ్ అయినా, ఎడిటింగ్ స్టూడియో అయినా ఇంటర్వ్యూలో 'సమస్య వస్తే ఏం చేస్తావు?' అని అడుగుతారు. 'కొత్తది కొంటాను' అనేవాడికీ, 'ఇలా కొలిచాను, ఇక్కడ ఆగుతోందని తేల్చాను' అనేవాడికీ తేడా అక్కడే తెలిసిపోతుంది. సర్టిఫికెట్ అందరి దగ్గరా ఉంటుంది. సొంతంగా కారణం వెతికి పట్టుకున్న అనుభవం కొందరి దగ్గరే ఉంటుంది. ఆ కొందరిలో మీరూ ఉండండి.