పంతులమ్మకు పార్లమెంటేల?

పిల్లలకు పాఠములు చెప్పువారికి పార్లమెంటేల యని పరిహసించు పెద్దమనుష్యులకు తూర్పు కనుమలలోని అరకు ఎప్పుడో సమాధానము చెప్పినది. 2019లో అచ్చటి వోటర్లు వ్యాయామోపాధ్యాయిని గొడ్డేటి మాధవిని రెండు లక్షలకు మించిన మెజారిటీతో లోకసభకు పంపిరి. ఓడినవారు పూర్వపు కేంద్రమంత్రి కిశోర్ చంద్రదేవ్! తండ్రి దేముడు చింతపల్లి శాసనసభ్యుడు కాడా యందురు. అగును, ఆ పేరు తోడ్పడియే యుండును. ధనికపుత్రుల నీ ప్రశ్న యెవరడిగిరి?

మా ఫిర్యాదు వేరు. 2024లో ఆమె పోటీలోనే లేదు. ఐదేండ్ల పనిని తూచి తీర్పు చెప్పవలసిన వోటరు చేతినుండి పార్టీయే త్రాసును లాగికొన్నది.

పిట్లము వోటర్లారా! జహీరాబాదు లోకసభ స్థానము మీది. పార్టీలు ఏమి చూచి అభ్యర్థులను నిలుపుచున్నవో, ఏమి చూచి తొలగించుచున్నవో సభలలో నిలదీసి యడుగుడు.