దూదేకుల: ఒక ఇంటిపేరు జాడలు

తెలుగువారి ఇంటిపేర్లలో అధికభాగం ఊళ్ళ పేర్లే. ముస్లిం కుటుంబాలలోనో, షేక్, సయ్యద్, మొగల్, పఠాన్ అనేవి ఇంటిపేర్ల స్థానంలో నిలిచి, హాజరుపట్టీలో పొడి అక్షరాలుగా కుదించుకొనిపోయినవి. వాటి నడుమ చేతిపనిని చెప్పే ఇంటిపేరొకటి అరుదుగా తారసపడుతుంది. అది దూదేకుల. విల్లు నారిని మీటి దూదిని ఏకే వృత్తి నుండి పుట్టిన పేరిది. పింజారి, లదాఫ్, నూర్‌బాషా అనేవి దీనికి తోబుట్టువులు. 1970లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వెలువరించిన వెనుకబడిన తరగతుల జాబితాలో, ‘బి’ వర్గంలో, ఈ పేర్లన్నీ ఒకే వరుసలో ఉన్నవి.

సర్కారు జాబితాలో ఎక్కిన పేరు సాహిత్యంలో ఎక్కలేదా? ఎక్కినది. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి కథ విన్న ప్రతివారికీ ఆయన శిష్యుడు దూదేకుల సిద్దయ్య తెలుసును. కడప సీమలోని ముడుమాలలో ఆయన మఠమున్నది. గురుశిష్యుల కథలో శిష్యుని ఇంటిపేరును జనం ఎన్నడూ విడిచిపెట్టలేదు. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన దక్షిణభారత కులాల, తెగల గ్రంథం రెండవ సంపుటంలోనూ ఈ పేరు కనబడుతుంది. అయితే అది మ్యూజియం అధికారి చూపు. గాజుపెట్టెలోని వస్తువును చూచినట్లుంటుంది.

ఈ పేరు వంశం మన ఎల్లలతో ఆగదు. లదాఫ్ అన్నది అరబ్బీ నద్దాఫ్, అర్థం దూదేకేవాడనే. క్రీ.శ. 922లో బాగ్దాదులో మరణదండనకు గురియైన సూఫీ మన్సూర్ హల్లాజ్ పేరులోని హల్లాజ్ కూడా దూది పనివాడే. ఉత్తర భారతంలో దూదేకేవారు పలువురు ఆయన పేరు మీదుగా మన్సూరీ అని వ్రాసుకొంటారు. సంత్ దాదూ దయాళ్ ఈ వృత్తివాడేనని అక్కడి సంప్రదాయం చెబుతుంది. ఇంతటి బంధుగణం ఎన్ని ఇంటిపేర్లకున్నది?

మన భాషలో జరిగినది మాత్రం విచిత్రం. మబ్బులను దూదిపింజలతో పోల్చి కవులు మురిసినారు. ‘ఏకు మేకైనట్లు’ అని సామెత చెప్పుకొంటాము. పింజ అందమైనది, ఏకు మెత్తనిది. ఆ రెంటినీ సిద్ధం చేసిన పింజారి మాత్రం తిట్టయినాడు! నాటకాలలో, సినిమాలలో ఆ తిట్టు విని నవ్విన ప్రేక్షకులలో ఆ ఇంటి పిల్లలు ఎందరో ఉన్నారని రచయితలకు తోచినట్లు లేదు.

దీనికి సరియైన జవాబు చెప్పినవాడు బుర్రకథ పితామహుడు షేక్ నాజర్ అని మా అభిప్రాయం. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో జన్మించి, 1986లో పద్మశ్రీ అందుకొని, 1997లో కన్నుమూసిన ఆ కళాకారుని ఆత్మకథ పేరు ‘పింజారి’. కాగితాలమీద షేక్ అని ఉన్న పేరును అట్లే ఉంచుకొనవచ్చును. ఎవరూ అడిగేవారు కాదు. తిట్టునే తెచ్చి పుస్తకం అట్టమీద నిలిపినాడు.

మా తరగతులలో ఈ ఇంటిపేరుగల విద్యార్థులు ‘డి’ అని ఒక్క అక్షరం వ్రాసి ఊరుకొంటారు. కొందరు షేక్ అని మార్చుకొన్నారు. వారిని తప్పుపట్టము. తోటివారి వెక్కిరింత ఎట్లుండునో పడినవారికే తెలియును. పేరు మార్చుకొనుట వారి హక్కు. కాని మార్చుకొనుటకు ముందు, ఏ పేరును వదలుకొంటున్నారో వారికి చెప్పవలసిన బాధ్యత తెలుగు, ఉర్దూ ఉపాధ్యాయులమైన మాది. సిద్దయ్యను మేము చెప్పవచ్చును, హల్లాజ్‌ను మా ఉర్దూ సోదరులు చెప్పవచ్చును. రెండు శాఖలు కలిసి బోధింపదగిన పాఠం ఇంతకంటె ఏమున్నది?

కళాశాల కమిటీవారికి ఒక మనవి. వార్షిక సంచికలో అచ్చయ్యే విద్యార్థుల పేర్లను, వారికి సమ్మతమైనచో, పొడి అక్షరాలు లేకుండ ఇంటిపేరుతో సహా పూర్తిగా ముద్రింపవలెను. రెండు పుటలు పెరుగుననే ఆక్షేపణ రావచ్చును. ప్రకటనల పుటలలో రెండు తగ్గించినచో సరిపోవును.