కనీస వేతనం పెరిగినా వీళ్లకు మాత్రం పెరగదు.. ఎందుకో తెలుసా?

ఏటా ఏప్రిల్, అక్టోబర్ నెలలు వచ్చాయంటే చాలు.. ధరల సూచీని బట్టి కనీస వేతనాల్లో కరవు భత్యం మారుతుంది. కార్మికులకు గుడ్ న్యూస్ అంటూ వార్తలూ వస్తాయి. కానీ ఆ పెంపు కష్టపడే ప్రతి ఒక్కరి జేబులోకీ చేరదు. అసలు ఎవరికి వర్తిస్తుంది? ఎవరికి వర్తించదు?

చట్టం మారింది.. కానీ!

1948 నాటి కనీస వేతనాల చట్టం ప్రభుత్వం షెడ్యూల్‌లో చేర్చిన పనులకే వర్తించేది. ఆ లోటు తీర్చడానికే 2019లో వేతనాల కోడ్‌ను పార్లమెంట్ ఆమోదించింది. 2025 నవంబర్ 21 నుంచి ఇది అమల్లోకి వచ్చింది. ఇప్పుడు రంగం ఏదైనా సరే, ఉద్యోగికి కనీస వేతనం హక్కు. కాంట్రాక్టర్ కింద పనిచేసినా అంతే. అయితే మెలికంతా ఆ 'ఉద్యోగి' అనే మాటలోనే ఉంది.

అప్రెంటిస్‌లు: 1961 చట్టం కింద చేరిన అప్రెంటిస్‌లను కోడ్ ఉద్యోగులుగా చూడదు. వాళ్లకు వచ్చేది స్టైపెండే.

డెలివరీ బాయ్స్, క్యాబ్ డ్రైవర్లు: వీళ్లు గిగ్ వర్కర్లు. 2020 సామాజిక భద్రత కోడ్ వీళ్లను గుర్తించింది. యాప్ కంపెనీలు టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం సంక్షేమానికి ఇవ్వాలని చెప్పింది. కానీ రోజుకు ఇంత కూలి ఇవ్వాల్సిందేనన్న హామీ మాత్రం అందులో లేదు. ఆర్డర్ పడితేనే డబ్బులు.

అంగన్‌వాడీ, ఆశా వర్కర్లు: వీళ్లకు ఇచ్చేది జీతం కాదు, 'గౌరవ వేతనం'. జీతాల పెంపు, గ్రాచ్యుటీ కోరుతూ ఏపీలో అంగన్‌వాడీలు 2023 డిసెంబర్ నుంచి 42 రోజులు సమ్మె చేశారు. అప్పటికి వర్కర్‌కు నెలకు రూ.11,500, హెల్పర్‌కు రూ.7,000 వచ్చేది. మధ్యలో ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. అంటే వాళ్ల పని ఆగకూడని అత్యవసర సేవ.. డబ్బుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం వాళ్లు స్వచ్ఛందంగా చేస్తున్నట్టు లెక్క!

సుప్రీంకోర్టు ఏం చెప్పింది?

2022 ఏప్రిల్‌లో గుజరాత్ కేసులో అంగన్‌వాడీ వర్కర్లు, హెల్పర్లు గ్రాచ్యుటీకి అర్హులేనని సుప్రీంకోర్టు తేల్చింది. పేరు గౌరవ వేతనమే అయినా ఆ చట్టం ప్రకారం అది వేతనమేనంది. కనీస వేతనం విషయంలో మాత్రం పోరాటం ఇంకా మిగిలే ఉంది.

తక్కువ ఇస్తే ఏం చేయాలి?

ఉద్యోగి కిందికి వచ్చేవారికి కనీస వేతనం కంటే తక్కువ ఇస్తే యజమానికి రూ.50 వేల వరకు జరిమానా పడొచ్చు. బాకీ కోసం మూడేళ్లలోపు క్లెయిమ్ చేసుకోవచ్చు. పూర్తిగా చెల్లించానని నిరూపించుకోవాల్సింది కూడా యజమానే. అందుకే జీతం స్లిప్పులు, హాజరు వివరాలు, బ్యాంక్ మెసేజ్‌లు దాచుకోవడం మంచిది.

మరోసారి పెంపు వార్త వచ్చినప్పుడు ఎంత పెరిగిందో చూడటమే కాదు.. కాగితాల మీద తమను ఏమని రాశారో కూడా చూసుకోవాలి. పెరిగిన డబ్బు చేతికి వస్తుందా లేదా అన్నది ఆ ఒక్క మాటే తేలుస్తుంది.